సేఠు చెప్పులు

మొన్న సోమవారం పొద్దున ఆఫీసు తెరిచి కంప్యూటర్ పెట్టేసరికి జాబితాలోంచి ఒక కంపెనీ పేరు మాయమైంది. ఏడాదికి పైగా అది బూడిదరంగులో, కొనడానికీ అమ్మడానికీ వీల్లేకుండా, పోయిన సంవత్సరపు క్యాలెండర్‌లా వేలాడుతూ ఉంది. ఇప్పుడు ఎక్స్ఛేంజి వాళ్లు దాన్ని పూర్తిగా తీసేశారు. నోటీసు రెండే లైన్లు. అది చదివి నేను చేసిన మొదటి పని ఎదురుగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీ వైపు చూడటం. ఆ కుర్చీలో కూర్చునే మనిషి పోయి తొమ్మిది నెలలైంది.

అశోక్ చౌక్‌లో, ఒక బట్టల కొట్టు మీది అంతస్తులో మాది చిన్న షేర్ల ఆఫీసు. ఒక పెద్ద బ్రోకరు కింద నడిచే శాఖ. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మావాళ్లే, తాతల కాలంలో తెలంగాణ నుంచి వచ్చి షోలాపూర్ మగ్గాల మీద స్థిరపడినవాళ్లు. ఇంగ్లీషులో వచ్చే కంపెనీ కాగితాలు వాళ్లకి మన భాషలో చెప్పడం నా పని. సలహా మాత్రం చెప్పకూడదు. ఈ నియమం వెనక నేను ఎన్నిసార్లు దాక్కున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆయన పేరు రాయను. అందరూ జాబర్ కాకా అనేవాళ్లు. జాబర్ అంటే కార్ఖానాల్లో సాంచాలు, అంటే పవర్‌లూములు, బాగుచేసే మిస్త్రీ. నలభై ఏళ్ల మోతకి చెవులు సగం పోయాయి. అందుకని చేత్తో వినేవాడు. నడుస్తున్న సాంచా చట్రం మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, ఎక్కడ బోల్టు వదులైందో పోగు మోసుకుని అటూ ఇటూ తిరిగే నాడె ఎక్కడ అడ్డంగా కొట్టుకుంటోందో చెప్పేవాడు. కనుబొమల్లో ఎప్పుడూ దూది ఉండేది. ఎవరు ఎదురైనా ముందు వాళ్ల చొక్కా అంచు పట్టుకుని వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. నన్ను మొదటిసారి పలకరించింది కూడా అట్లాగే.

"ఎంతిచ్చినవ్‌రా గీ షర్టుకు?"

చెప్పాను.

"మోసపోయినవ్ పో. దుకాన్ల కూసుండి జనాలకు ధరలు జెప్తవ్, నీ ఒంటి మీది గుడ్డ ధర నీకు తెల్వది."

ఆయనంటే కార్ఖానాల యజమానులకి ప్రాణం, భయం కూడా. ప్రాణం ఎందుకంటే ఆయన చెయ్యి పడితే మొండి సాంచా కూడా మాట వినేది. భయం ఎందుకంటే, పని అయ్యాక చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చి, అక్కడ విప్పిన చెప్పుల కుప్ప చూసి, ఒక మాట అనేవాడు. "మూణ్నెల్లు." లేకపోతే "ఏడాది గడుస్తది." అంతకుమించి ఏమీ అనేవాడు కాదు. అది ఆ కార్ఖానా ఆయుష్షు అని అందరికీ తెలుసు.

ఆ లెక్క ఆయన నాకు ఒకసారి విప్పి చెప్పాడు. పొద్దున ఏడింటికి పనివాళ్ల చెప్పుల మధ్య సేఠు చెప్పులు కూడా ఉన్నాయంటే ఆ కార్ఖానాకి ఢోకా లేదు. సేఠు పదింటికి వస్తే అనుమానించాలి. కొడుకుని పంపితే ఇంకా అనుమానించాలి. సేఠు చెప్పులు పది రోజులు కనబడకపోతే, లోపల ఎన్ని సాంచాలు నడుస్తున్నా సరే, ఆయన ఎక్కడో ఎవరికో అమ్మజూపుతున్నాడన్నమాట. ఒకాయన ఇట్లాంటి మాట విని మండిపడి, కాకాని మెడబట్టి బయటికి తోసినంత పని చేశాడు.

"నోరు మంచిగ పెట్టుకో కాకా! నష్టం నాది, నీదేం పోతది?"

"నేనేమన్న సేఠ్? మూణ్నెల్లన్న. గంతే గద."

మూడో నెల దాటకుండానే ఆ తలుపుకి తాళం పడింది. అప్పటినుంచి కాకా వాకిలి దాటేటప్పుడు కొందరు యజమానులు పరుగున వెళ్లి తమ చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పడేసేవాళ్లు. అది చూసి మేమంతా నవ్వుకునేవాళ్లం. ఆయన నవ్వేవాడు కాదు.

ఇట్లాంటి మనిషి షేర్లలోకి ఎట్లా వచ్చాడంటారా? ఒక పెద్ద కార్ఖానాలో చద్దర్ల డిజైన్లు కంప్యూటర్లో గీసి నేరుగా సాంచాకి పంపే పద్ధతి పెట్టారు. ఆ సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ వాళ్లు అప్పటికే బ్యాంకులకీ ఆస్పత్రులకీ కూడా పనులు చేసేవాళ్లు. కాకా అక్కడ రెండేళ్లు పనిచేసినా ఆ డబ్బా ఒక్కసారీ చెడిపోలేదు. "నేను ముట్టని మిషన్ గదొక్కటే," అంటూ ఒకరోజు మా మెట్లెక్కి వచ్చాడు. ఆ కంపెనీ షేర్లు కావాలన్నాడు. కొనేముందు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"సేఠు చెప్పులు ఉన్నయా?"

నాకు అర్థమై నవ్వొచ్చింది. కంపెనీ పెట్టినాయన చేతిలో సొంతానికి ఎంత వాటా ఉందని ఆయన అడుగుతున్నాడు. మూడు నెలలకోసారి ప్రతి కంపెనీ ఆ లెక్క బయటపెట్టాలి. చూసి చెప్పాను.

"వందల అరవై ఆయనయే, కాకా."

"బరోబర్. గట్లయితే తీస్కో."

ఆ తర్వాత మూడు నెలలకోసారి, అమావాస్య తర్పణానికి వచ్చినంత నిష్ఠగా, వచ్చి ఆ కుర్చీలో కూర్చుని చెప్పులు ఉన్నాయా అని అడిగేవాడు. ఉన్నాయంటే టీ తెప్పించి, సాసర్లో పోసి ఊదుకుంటూ తాగి వెళ్లేవాడు. ధర ఎంతుందని ఎప్పుడూ అడగలేదు. ఆయన్ని చూసి వాళ్ల వీధిలో పదకొండు మంది కొన్నారు. నేను కూడా కొన్నాను. పెద్ద పెద్ద చదువులు చదివి టీవీల్లో చెప్పేదంతా అటు తిప్పీ ఇటు తిప్పీ ఇదే కదా అనుకున్నాను. ఇప్పటికీ అది తప్పు లెక్క అనను.

ఆయన దాస్తున్నది నాలుగు సాంచాల కోసం. నలభై ఏళ్లు ఊళ్లోని సాంచాలన్నీ బాగుచేసినవాడికి సొంత సాంచా ఒక్కటీ లేదు. నీలం నగర్‌లో మా ఇంటి వెనక వీధిలో ఒక ముసలి యజమాని కార్ఖానా మూసేద్దామనుకుంటున్నాడు. ఆయన నాలుగు సాంచాలూ షెడ్డుతో సహా కాకాకే ఇస్తానని, శ్రావణంలో మావాళ్లు చేసుకునే నూలు పున్నమ దాకా ఇంకెవరికీ చూపనని కొబ్బరికాయ కొట్టి మాటిచ్చాడు. కాకా భార్య బీడీలు చుడుతుంది. ఊరవతల కుంభారి కాలనీలో, బీడీ పనివాళ్ల కింద ఆమెకి కొత్తగా వచ్చిన ఇంట్లో, ఆ సాంచాల మీద నేసే మొదటి టవలు ఏ దేవుడికి పెట్టాలన్న విషయంలో మొగుడూ పెళ్లాలకి రోజూ వాదనేనట. ఆయనే చెప్పాడు, ఫిర్యాదు చేస్తున్నట్టు, మహా సంతోషంగా.

అప్పుడొచ్చింది ఆ వార్త. కంపెనీ పెట్టినాయన బయట జనం దగ్గరున్న షేర్లన్నీ తనే కొనేసి, కంపెనీని మార్కెట్ నుంచి తీసేసుకుంటాడట. దీన్ని డీలిస్టింగ్ అంటారు. ఇది రెండు రకాలు. యజమాని తనంతట తాను తీసుకుపోవడం ఒకటి, లెక్కలు సరిగ్గా చూపని కంపెనీని మార్కెట్ గెంటేయడం రెండోది. పెళ్లికూతురు గడప దాటడమూ దాటడమే, శవం గడప దాటడమూ దాటడమే. కాకపోతే వీధిలో వాళ్లు మొదటిదానికి సింగారించుకుని వస్తారు. ఇక్కడా అంతే జరిగింది. యజమాని మంచి ధర ఇస్తాడన్న ఆశతో కొనేవాళ్లు ఎగబడ్డారు, ధర రోజురోజుకీ పెరిగి రెండింతలైంది.

కాకా వచ్చాడు. కాగితం చదివి వినిపించాను.

"అంటే సేఠు మందివన్ని కొంటుండు?"

"అవును కాకా."

"తన గుడ్డ తనే కొంటుండంటే గుడ్డల దమ్మున్నట్టే గద. ఇగ మన సాంచాలు వచ్చినట్టే."

నిజంగానే ఆ రోజు ధరకి ఆయన షేర్లన్నీ అమ్మితే సరిగ్గా నాలుగు సాంచాలు వచ్చేవి. కానీ సాంచాలొస్తే సరిపోదు, మొదటి భీముకి, అంటే పడుగు చుట్టే దిమ్మకి, నూలు కావాలి కదా అన్నాడు. ఇంకొంచెం ఆగుదామన్నాడు. ఆ ఆగడానికి ఆయన దగ్గర ఒక కారణం ఉంది. అది మావాళ్లకి తప్ప ఇంకెవరికీ తట్టదు.

మా దగ్గర అన్నదమ్ములు వాటాలతో కార్ఖానా నడుపుతారు. ఎప్పుడో ఒకరోజు పెద్దవాడు మొత్తం తనే తీసుకుంటానంటాడు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి వేలిముద్ర తీసుకుంటాడు. మొదట వేసినవాడికి తక్కువ దక్కుతుంది. ఆఖరున వేసేవాడి ముద్ర లేకపోతే షెడ్డు చేతికి రాదు గనుక వాడు ఎంతడిగితే అంత ఇస్తారు. కాకా నాన్న మొదట వేసి ఒక పాత సైకిలు తెచ్చుకున్నాడు. చిన్నాన్న ఆఖరున వేసి వీధి ముఖం ఉన్న గదులు సంపాదించాడు. ఆ సైకిలు తొక్కుతూ పెరిగినవాడు కాకా.

"ముందుగాల అంగూఠా ఏసినోడు పిచ్చోడు పిల్లగా. ఆఖరుకు మనమే ఉండాలె."

వీధిలో పదకొండు మందికీ అదే చెప్పాడు. అమ్మకండి, అడిగితే రెండింతలు అడగండి అన్నాడు.

కానీ ఇక్కడ పద్ధతి వేరు. ఎవరికి ఏ ధర కావాలో వాళ్లు రాసి ఇవ్వాలి. అట్లా వచ్చినవన్నీ కలిపి యజమాని వాటా వందలో తొంభైకి చేరాలి, జనం అడిగిన ధర ఆయనకి నచ్చాలి. ఈ రెంటిలో ఏది కుదరకపోయినా అంతా రద్దు. ఎవరి షేర్లు వాళ్లకి వెనక్కి. అప్పుడు ఆ పెరిగిన ధర నిలబడటానికి కింద ఏమీ ఉండదు. ఇది నాకు తెలుసు. ఆయనకి ఒక్కసారి చెప్పాను.

"కాకా, సగమన్న అమ్మురాదు. ఒకవేళ తొంభై కాకపోతే?"

"నీకు షర్టు ధరే తెల్వదు, నాకు జెప్తవా?" అని నవ్వాడు.

రెండోసారి చెప్పలేదు. సలహా చెప్పకూడదన్న నియమం ఉంది కదా. నా మాట విని అమ్మాక ధర ఇంకా పెరిగితే వీధి వీధంతా నా మీద పడుతుందన్న భయం కూడా ఉంది. మర్నాడు మధ్యాహ్నం ఆయన మళ్లీ వచ్చి ఎదురుగా కూర్చుని, సాసర్లో టీ ఊదుకుంటూ, సాంచాలకి ఏ రంగు వేయించాలో చెబుతున్నాడు. స్క్రీన్ నా వైపు ఉంది. ఆకుపచ్చ అయితే బాగుంటుందని ఆయన అంటుండగా నా షేర్లన్నీ అమ్మేశాను. "మంచిగుంటది కాకా" అన్నాను. నా గొంతులో తేడా ఆయనకి తెలియలేదు. చేత్తో వినే మనిషి కదా, చెయ్యి టీ సాసరు మీద ఉంది.

బేరం కుదరలేదు. మావాళ్లు పన్నెండు మంది వల్ల కాదు, ఎక్కడెక్కడి పెద్ద పెద్ద మదుపరులో ఆకాశమంత ధర అడిగారు. యజమాని కాదన్నాడు. మరుసటి రోజు పొద్దున మార్కెట్ తెరవగానే అమ్మేవాళ్లు బారులు తీరారు, కొనేవాడు ఒక్కడూ లేడు. కొనేవాడు లేకపోతే ఆ రోజుకి ఎంతవరకు దిగవచ్చో అంత దిగి ధర ఆగిపోతుంది. మర్నాడు ఇంకో మెట్టు. ఆ మర్నాడు ఇంకోటి. పన్నెండు మందీ మా మెట్ల మీద కూర్చునేవాళ్లు.

దాని వెనక అసలు సంగతి తర్వాత బయటపడింది. జనం షేర్లు కొనడానికి డబ్బు కావాలని యజమాని తన షేర్లు తాకట్టు పెట్టాడు, బేరం రద్దయ్యాక ఆ డబ్బు తిరిగి కట్టలేదు. ధర పడేసరికి అప్పిచ్చినవాళ్లు వాటిని దొరికిన కాడికి అమ్మడం మొదలుపెట్టారు. వాళ్లు అమ్మినకొద్దీ ధర ఇంకా పడింది, పడినకొద్దీ వాళ్లు ఇంకా అమ్మారు. మూడు నెలల లెక్క వచ్చిన రోజు కాకా కుర్చీలో కూర్చున్నాడు.

"ఎన్నున్నయి?"

"ఇరవై రెండు, కాకా."

ఆయన చాలాసేపు కంప్యూటర్ డబ్బా మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు. ఆ చెయ్యి ఏం వింటోందో నాకు తెలియదు.

"ఆర్నెల్లు," అన్నాడు.

ఐదో నెలలో లెక్కలు తనిఖీ చేసే ఆడిటరు రాజీనామా చేశాడు. ఆరో నెలలో ఎక్స్ఛేంజి ఆ షేరు అమ్మకాలూ కొనుగోళ్లూ ఆపేసింది. అంతకుముందు ఊళ్లో కార్ఖానాలు మూతపడ్డప్పుడు ఆయన మాట నిజమైందని జనం గుసగుసలాడుకునేవాళ్లు. ఈసారి ఎవరూ ఏమీ అనుకోలేదు.

నూలు పున్నమ వచ్చింది, పోయింది. ఆ ముసలి యజమాని ఇంకో నెల ఆగి చూశాడు, ఆయన్ని తప్పు పట్టలేం. నాలుగు సాంచాలూ పాత ఇనుము వ్యాపారికి తూకానికి ఇచ్చేశాడు. అయితే సాంచాలు విప్పడం అందరికీ రాదు. జాబర్ కావాలి. కాకానే పిలిచారు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళుతూ నేను ఆ షెడ్డు ముందు ఆగిపోయాను. మూడు విప్పేశాడు. నాలుగోదాని బోల్టులు విప్పుతున్నాడు, పురిట్లో పిల్లని పట్టుకున్నంత నెమ్మదిగా. ఎట్లాగూ పగలగొట్టి కరిగించే ఇనుమే, ఇంత జాగ్రత్త ఎందుకని వ్యాపారి విసుక్కుంటున్నాడు. కాకా పట్టించుకోలేదు. నన్ను చూసి చేతులు తుడుచుకుని దగ్గరికి వచ్చాడు.

"నిన్నో ముచ్చట అడగాలె పిల్లగా. నువ్వెప్పుడమ్మినవ్?"

ఆయనకి తెలిసిపోయిందనుకున్నాను. అందుకే చొక్కా అంచు పట్టుకుంటాడేమో అని ఒకడుగు వెనక్కి వేశాను. ఆయన వెనక విప్పిన ఇనుప చట్రాలు ఎండలో వరసగా పడి ఉన్నాయి.

"అమ్మలే కాకా," అన్నాను. "నాయి గూడ గట్లనే పోయినయి."

అప్పుడు ఆయన ముఖం చూశాను. ఆ రోజు దాకా సాంచాల కోసం ఏడవని మనిషి, నా అబద్ధానికి ఏడ్చాడు. నూనె చేతులతో నా మణికట్టు పట్టుకున్నాడు.

"నా నోరు నమ్మి మునిగినవ్ గద్రా! వాళ్లంటే నా ఈడోళ్లు. నీకు ముందట ఎంత బతుకున్నది! మనమే రెండింతలడిగి చెడగొట్టినం పిల్లగా, మనమే."

పన్నెండు మంది షేర్లు ఆ సముద్రంలో చెంచాడు నీళ్లని ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పాపం ఆయన నెత్తి మీంచి దిగేది. అదీ చెప్పలేదు. చెప్పడం మొదలుపెడితే ఎక్కడ ఆగాలో తెలియక.

ఆ ఆదివారం ఆయన మా ఇంటికి వచ్చాడు. కింద గదిలో మా అన్న రెండు సాంచాలు నడుపుతాడు. పిలవకుండానే వచ్చి రెండూ విప్పి, శుభ్రం చేసి, బిగించి వెళ్లాడు. అన్న డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "మీ ఇంట్ల తీస్కునుడు లేదు," అన్నాడట. మళ్లీ ఆదివారం వచ్చాడు. ఆ తర్వాత ఆదివారం కూడా. ముసలాయనకి నువ్వంటే ఇష్టమని అన్న మురిసిపోయాడు. మా వీధిలో మా గుడ్డంత నున్నగా ఇంకెవరి గుడ్డా వచ్చేది కాదు. అట్లా ఎనిమిది నెలలు కుంభారి నుంచి బస్సెక్కి వచ్చాడు. ఒక్క ఆదివారం కూడా నేను ఆపలేదు.

చివరిసారి వచ్చినప్పుడు ఆయనకి వారం రోజులుగా జ్వరం. దగ్గు మెట్ల మీదుగా పైకి వినబడుతోంది. కింద అన్నతో మాట్లాడుతున్నాడు.

"పిల్లగాడు లేడా?"

"పైన ఉన్నడు కాకా, పిలుస్త."

"వద్దు, పండుకోనియ్. ఐతారం ఒక్కనాడే గద ఆనికి."

రెండు గంటలు పనిచేశాడు. సాంచా మళ్లీ నడిచింది. టీ తాగి పొమ్మని అన్న బతిమాలితే, బస్సు పోతుందని వెళ్లిపోయాడు. బుధవారం ఆయన పోయినట్టు కబురొచ్చింది.

ఆ ఆదివారం నేను నిద్రపోవడం లేదు. ఆ షేర్లు అమ్మిన డబ్బుతో వేయించిన కొత్త స్లాబు కింద, మంచం మీద కళ్లు మూసుకుని పడుకుని, ఆయన గేటు వేసి వెళ్లేదాకా అంతా వింటూనే ఉన్నాను.